తప్పొప్పందం

మా ఉపాధ్యాయ సంఘానికి ప్రభుత్వంతో చర్చలు కొత్త కాదు. ఏడాదికోసారి ధర్నా చేస్తాం. ధర్నా చేస్తే చర్చలకి పిలుస్తారు. చర్చలకి వెళితే టీ ఇస్తారు. టీ తాగాక ‘ప్రభుత్వం సానుకూల దృక్పథంతో ఉన్నది’ అంటారు. మేం జిందాబాద్ కొట్టుకుంటూ బయటికొస్తాం. ఇరుపక్షాలకీ అలవాటైన పని కాబట్టి ఎవరికీ పెద్ద శ్రమ ఉండేది కాదు. కిందటేడు మాత్రం ఈ పద్ధతికి భంగం కలిగింది. మా అధ్యక్షులు సత్యానందం గారు ధర్నా శిబిరంలో మైకు చేతికి రాగానే ఆవేశపడి, ఈసారి రాతపూర్వకంగా ఒప్పందం కుదిరితేనే లేస్తామని ప్రకటించేశారు. పక్కన విలేకరులున్నారు కాబట్టి అన్న మాట వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

నేను లెక్కల మాష్టారిని. సంఘానికి సంయుక్త కార్యదర్శిని. ఆ హోదాలో చర్చలన్నిటికీ వెళ్లాను కనుక, జరిగింది జరిగినట్టు చెప్పగలను.

డిమాండ్ల పత్రంలో ఎప్పుడూ ఉండేవే ఉన్నాయి. వేతన సవరణ ఉంది. కరువు భత్యం బకాయిలున్నాయి. బడి మరుగుదొడ్ల ఫొటోలు రోజూ తీసి పైకి పంపే పని నుంచి మమ్మల్ని తప్పించాలన్నది ఉంది. ఇవి నెరవేరతాయని మాకెవరికీ ఆశ లేదు. ఏళ్ల తరబడి రాస్తున్నవి ఒక్కసారిగా తీసేస్తే బాగుండదని రాస్తూంటాం. చివర్న ఉన్నది మాత్రం కొత్తది. అది విమలకుమారి టీచర్ కోసం చేర్చింది.

విమలకుమారి తేనెలొద్ది అనే కొండ ఊళ్లో పనిచేస్తుంది. అది ఏకోపాధ్యాయ పాఠశాల. అంటే ఐదు తరగతులూ ఒకటే గది, ఐదుగురు టీచర్లూ ఆవిడే. పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఆపరేషన్ ఇక వాయిదా వేయొద్దని డాక్టరు చెప్పి చాలాకాలమైంది. సెలవు దొరకలేదు. వేసవి సెలవుల్లో చేయించుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. వేసవి సెలవుల్లో ఆమెకి శిక్షణ తరగతులు వేశారు. శిక్షణాంశం, సెలవులను సద్వినియోగం చేసుకోవడం ఎలా అని.

మామూలు రోజుల్లో సెలవు పెట్టడానికి ఒక నిబంధన అడ్డొచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘ఏకోపాధ్యాయ పాఠశాలయందు పనిచేయు ఉపాధ్యాయుడు సెలవు కోరినచో, ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుని తానే సమకూర్చుకొనవలెను. సదరు ప్రత్యామ్నాయము సంతృప్తికరముగా పనిచేయుచున్నదని సెలవు కాలమందు ప్రతిదినము పాఠశాలకు స్వయముగా హాజరై ధ్రువీకరించవలెను.’

దీని అర్థమేమిటని ఆమె మండల విద్యాధికారిని అడిగితే, ఆయన పాపం మంచివాడు, విడమరిచి చెప్పాడట.

“రూలు ప్రకారం నువ్వు సెలవు పెట్టుకోవచ్చమ్మా. రాకుండా మాత్రం ఉండకూడదు.”

ఆదివారం పూట ధర్నా శిబిరానికి వచ్చినప్పుడు ఆమె నాతో అన్న మాట నాకిప్పటికీ గుర్తే.

“నొప్పి మొదలైతే పిల్లల్ని ఎక్కాలు అప్పజెప్పమంటానండి మేష్టారూ. ఇదివరకు పన్నెండో ఎక్కం అయ్యేసరికి తగ్గిపోయేది. ఈమధ్య పదహారుదాకా వెళ్లాల్సొస్తోంది.”

నేను ఇన్నేళ్లుగా ఎక్కాలు చెబుతున్నాను. వాటితో నొప్పి కొలుచుకునే మనిషిని అదే చూడటం. ఈ ఒక్కటీ సాధించుకుంటే చాలు, మిగతావి ఎప్పటిలాగే పోయినా ఫరవాలేదనుకున్నాను.

మొదటి సమావేశం విద్యాశాఖ కార్యాలయంలో జరిగింది. ప్రభుత్వం తరఫున సంయుక్త సంచాలకులు విరూపాక్షరావు గారు కూర్చున్నారు. ఆయన నోరు విప్పితే ప్రభుత్వ ఉత్తర్వు వస్తుంది.

“ఉపాధ్యాయులు జాతి నిర్మాతలు. సదరు నిర్మాణ కార్యక్రమము పురోగతిలో ఉన్న తరుణమున, వేతనాది లౌకిక విషయములు నిర్మాతల ఏకాగ్రతకు భంగము కలిగించునేమోనని ప్రభుత్వము మిక్కిలి ఆందోళన చెందుచున్నది,” అని ప్రారంభించి, ఆందోళన పూర్తయ్యాక ఒప్పందం ముసాయిదా మా చేతికిచ్చారు.

మా బృందంలో మూడోవారు దేవసహాయం గారు. తెలుగు పండితులు. ఆయన చొక్కా జేబులో ఎర్ర పెన్ను లేకుండా ఆయన్ని చూసినవారు లేరు. పెళ్లికి పిలిస్తే ముందు శుభలేఖ దిద్దుతారు, తర్వాత ఆశీర్వదిస్తారు. ఒకసారి మాంసం కొట్టు బోర్డు మీద ‘ఇచ్చట మేక మాంసం దోరుకును’ అని ఉంటే, కొట్టువాడు కైమా కొట్టడం ఆపి నిచ్చెనెక్కి దీర్ఘం చెరిపేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ రోజు ముసాయిదా మొదటి వాక్యం ఇలా ఉంది: ‘ఉపాద్యాయ సంగాల ప్రతినిదులతో చర్చలు సుహ్రుద్బావ వాతావరణంలో జరిగినవి.’

దేవసహాయం గారి చెయ్యి జేబులోకి వెళ్లింది.

“అయ్యా, ఉపాధ్యాయలో ధకి వత్తు పడలేదండి.”

“అవునా? పోనిండు. భావము బోధపడినది కదా,” అన్నారు విరూపాక్షరావు గారు.

“భావం సరేనండి. వత్తు తీసేస్తే ఇందులో ఉన్నది మేం కాదు కదా. మరి ఎవరితో ఒప్పందం చేసుకున్నట్టండి?”

ఇది న్యాయంగానే కనబడింది. సత్యానందం గారు బల్ల గుద్ది, వత్తు ఉపాధ్యాయుల ఆత్మగౌరవానికి సంబంధించిన విషయమనీ, దాని మీద రాజీ పడే ప్రసక్తే లేదనీ అన్నారు. అధికారులు పక్క గదిలోకి వెళ్లి సంప్రదించుకుని వచ్చి, వత్తు ఇవ్వడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. తర్వాత సంఘంలో ఘ. తర్వాత ప్రతినిధుల్లో ధు. సుహృద్భావం దగ్గర చాలాసేపు పట్టింది. అందులో ఒక ఋత్వం, ఒక భావత్తు, రెండూ కొట్లాడి తీసుకోవాల్సొచ్చింది. భోజనాల వేళకి మొదటి పేజీ అయింది. డిమాండ్లు రెండో పేజీలో ఉన్నాయి.

లేవబోయే ముందు విరూపాక్షరావు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ మావంక చాలా ప్రేమగా చూశారు.

“ఒక సందేహము. తప్పు కనబడినచో తమరు దిద్దకుండా ఉండలేరా?”

“ఉండలేమండి,” అన్నారు దేవసహాయం గారు. “అదే కదండీ మా ఉద్యోగం.”

“భేష్,” అన్నారాయన.

బయట విలేకరులతో సత్యానందం గారు, ప్రభుత్వం మెడలు వంచి వత్తులు సాధించామని చెప్పారు. సాయంత్రం విమలకుమారి ఫోను చేసింది.

“మేష్టారూ, నా సెలవు సంగతేమైందండి?”

“వచ్చే సమావేశంలో చూద్దామమ్మా. ఈసారికి సుహృద్భావం దాకా వచ్చాం.”

రెండో సమావేశానికి వెళ్లేసరికి ముసాయిదా దళసరిగా ఉంది. దేవసహాయం గారికి ప్రతి వాక్యంలోనూ పని ఉంది, అది మేం ఊహించిందే. కానీ ఈసారి మిగతావాళ్లనీ మర్చిపోలేదు. సత్యానందం గారు సాంఘిక శాస్త్రం చెబుతారు. పీఠికలో ‘కళింగ యుద్ధానంతరము అక్బరు చక్రవర్తి విద్యకు పెద్దపీట వేసిన విధముగా’ అని ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది. మంచినీళ్లు తాగారు. లేచి నిలబడి మౌర్యుల దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

నేను అలాంటి వాణ్ణి కాను. లెక్కలవాణ్ణి, ఆవేశానికి దూరంగా ఉంటాను. మా వాళ్లు ఇలా పక్కదారి పడుతుంటే, సెలవు నిబంధన ఎత్తుదామని పేజీలు తిప్పాను. ఆ తిప్పడంలో వేతన స్థిరీకరణ సూత్రం కంటబడింది. అందులో ఒక కుండలీకరణం, అంటే బ్రాకెట్టు, తెరిచి మూయకుండా వదిలేశారు. ఎక్కడ మూయాలన్నదాన్నిబట్టి జీతం ఒకచోట రెట్టింపవుతుంది, ఇంకోచోట సున్నా అవుతుంది. దీన్ని ఎవడైనా ఎలా వదిలేస్తాడు? నేను బోర్డు అడిగాను. బోర్డు సిద్ధంగా ఉంది. సుద్దముక్క కూడా సిద్ధంగా ఉంది. నేను కుండలీకరణం మూసి వెనక్కి తిరిగేసరికి అధికారులు ఫైళ్లు సర్దుకుంటున్నారు.

ఇది యాదృచ్ఛికం కాదని తర్వాత తెలిసింది. చర్చలు ఇంత ప్రశాంతంగా జరగడం చూసి ముచ్చటపడిన ప్రభుత్వం, విద్యాశాఖలో ‘దోష పరికల్పన విభాగం’ అని ఒకటి నెలకొల్పింది. ఉత్తర్వు నేను చూశాను. ‘చర్చలయందు సుహృద్భావ వాతావరణమును పెంపొందించు నిమిత్తము, ముసాయిదాలయందు తగినంత దోష సాంద్రతను నిర్వహించవలెను’ అని ఉంది. ఆ ఉత్తర్వులో మాత్రం ఒక్క తప్పు లేదు. మాకు పంపేది కాదు కదా.

విభాగం మొదట్లో ఇబ్బందులు పడింది. అక్కడి సూపరింటెండెంట్ జ్ఞానప్రసూన గారు పాతకాలపు మనిషి. ఎంత ప్రయత్నించినా ఆవిడకి తప్పు పడేది కాదు. ఒకరోజు మెట్ల దగ్గర కనబడి కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నిన్న రోజంతా కష్టపడి రెండు పేజీల ముసాయిదా రాశానండి. చూసుకుంటే అన్నీ ఒప్పులే. పనిలో నిర్లక్ష్యమని మెమో ఇచ్చారు. ఈ వయసులో తప్పులు ఎక్కడ నేర్చుకోనండీ?”

ఆవిడకి శిక్షణ ఇప్పించారు. అయినా లాభం లేకపోయింది. చివరికి నాగభూషణం అనే గుమాస్తా దొరికాడు. తన పేరులో ణ ఎప్పుడూ రాయనివాడు. అంతకుముందు అతని మీద రెండు విచారణలు నడుస్తున్నాయి, తప్పుల తడకగా రాస్తాడని. వాటిని రద్దు చేసి, ప్రత్యేక పదోన్నతి ఇచ్చి విభాగంలో కూర్చోబెట్టారు. అతను సూత్రాలూ సాంద్రతలూ చూసుకునేవాడు కాదు. మామూలుగా రాసుకుపోయేవాడు. సహజ ప్రతిభకీ శిక్షణకీ ఉండే తేడా అదేనని విరూపాక్షరావు గారు అందరికీ చెప్పేవారు. మిగతా శాఖల అధికారులు కూడా బస్సులో వచ్చి అతను రాస్తుంటే చూసి, వివరాలు రాసుకుని వెళ్లారు.

మా వైపు కూడా ఉత్సాహం తక్కువేం లేదు. సంఘం దోష నివారణ ఉపసంఘాన్ని వేసింది. జిల్లాల్లో సభలు పెట్టి ఎన్ని దోషాలు సవరించామో లెక్కలు చెప్పాం. చప్పట్లు కొట్టారు. ఒక సభలో ఎవరో కుర్ర టీచరు లేచి “మరి జీతాలండీ?” అంటే, వెనకనుంచి నలుగురు “భాషంటే గౌరవం లేదా, కూర్చో,” అని కూర్చోబెట్టారు. ప్రభుత్వం వాళ్లు పత్రికల్లో పెద్ద ప్రకటన వేయించారు: ‘ఉపాధ్యాయులతో చర్చల్లో చారిత్రక పురోగతి. ఒప్పందంలో గణనీయంగా తగ్గిన తప్పులు.’ ఆ ప్రకటనలోనూ రెండు తప్పులుంటే మావాళ్లు దిద్ది పంపారు.

విమలకుమారి డిమాండు సంగతి అడుగుతారేమో. అది ప్రతి ముసాయిదాలోనూ ఉంది. చివరి పేజీలో ఇలా ఉండేది: ‘ప్రత్యామ్నాయ ఉపాధ్యాయులు అందుబాటులో లేనందున, ఏకోపాధ్యాయ పాఠశాలల ఉపాధ్యాయులకు వైద్య సెలవు డిమాండు అనంగీకృతమైనది.’ అనంగీకృతం అంటే ఒప్పుకోనిది. అంగీకృతానికి వ్యతిరేక పదం. దేవసహాయం గారు ఆ వాక్యాన్ని ప్రతిసారీ పరీక్షగా చదివి, నిర్దుష్టంగా ఉందని పక్కన ఒప్పు పెట్టేవారు. అందులో తప్పు లేదు కాబట్టి దాని మీద మేం ఎప్పుడూ చర్చించలేదు.

ఈ లోపల విమలకుమారి ఫోన్లు తగ్గాయి. ఒకసారి నేనే చేశాను. వెనకాల పిల్లలు పద్దెనిమిదో ఎక్కం చదువుతున్నారు. తర్వాత మాట్లాడతానండీ అని పెట్టేసింది.

ఒప్పందం మీద సంతకాలు పెట్టే రోజు వచ్చింది. ప్రతి డిమాండుకీ సంబంధించిన ఉపాధ్యాయులు ఒకరు వచ్చి చదువుకుని సంతకం చేయాలని ప్రభుత్వం నియమం పెట్టింది, పారదర్శకత కోసం. ఆ విధంగా విమలకుమారికి పిలుపొచ్చింది. ఈ రాకకి ప్రత్యామ్నాయం అక్కర్లేదట. సెలవు మీద పోతే బడి మూతపడుతుంది. డ్యూటీ మీద వస్తే మూతపడ్డా తెరిచి ఉన్నట్టే లెక్క.

ఆమె నా పక్కనే కూర్చుంది. చిక్కిపోయింది. ఒక చెయ్యి కుడి డొక్క మీదే ఉంచుకుంది. టీ ఇస్తే వద్దంది.

నాగభూషణం స్వయంగా సిద్ధం చేసిన తుది ప్రతిని మాకిచ్చారు. అప్పటికే ఎన్నోసార్లు దిద్దింది కాబట్టి పెద్దగా పని లేదు. దేవసహాయం గారు ఎర్ర పెన్నుతో అక్కడక్కడ ఒక అనుస్వారం, ఒక దీర్ఘం సరిచేస్తూ చివరి పేజీకి వచ్చి ఆగిపోయారు. కాసేపటికి ఆ పేజీ నావైపు జరిపారు. ఆయన బొటనవేలు ఒక మాట కింద ఉంది.

‘ప్రత్యామ్నాయ ఉపాధ్యాయులు అందుబాటులో లేనందున, ఏకోపాధ్యాయ పాఠశాలల ఉపాధ్యాయులకు వైద్య సెలవు డిమాండు అంగీకృతమైనది.’

న లేదు. నాగభూషణం తన సహజ ధోరణిలో న మింగేశాడు. దాంతో ప్రభుత్వం ఒప్పేసుకుంది.

నేను సత్యానందం గారికి చూపించాను. ఆయన చదివి, ఏమీ ఎరగనట్టు టీ కప్పు ఎత్తి తాగారు. కప్పులో టీ లేదు.

దేవసహాయం గారి అవస్థ చూడలేకపోయాను. కుడిచేత్తో పట్టుకున్న పెన్ను న దగ్గరికి, అంటే న ఉండాల్సిన చోటికి, పోతోంది. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగుతున్నారు.

“మాట తప్పు కాదు కదండీ,” అన్నాను చెవిలో. “అంగీకృతం మంచి మాటే.”

“మాట తప్పు కాదు మేష్టారూ. వాక్యం తప్పు. లేనందున అన్నాక అంగీకృతం అని ఎలా వస్తుందండి? కారణానికీ ఫలితానికీ పొసగట్లేదు.” ఒక నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. పెన్ను మూత పెట్టి నా ముందుకు తోశారు. “ఇది మీ దగ్గరుంచండి. నన్ను నేను నమ్మలేను.”

ఆయన్ని నేను చాలాకాలంగా ఎరుగుదును. తప్పు చూసి వదిలేయడం ఆయన జన్మలో అదే మొదటిసారి. ఒక మనిషి కోసం ఆయన అంత పని చేశారంటే నాకు ఆయన పాదాలకి దణ్ణం పెట్టాలనిపించింది.

విరూపాక్షరావు గారు ఒప్పందాన్ని గంభీరంగా పైకి చదివారు. చివరి పేజీ వచ్చింది. విమలకుమారి కళ్లు మూసుకుని డొక్క నొక్కుకుంటోంది, వింటున్నట్టు లేదు. “వైద్య సెలవు డిమాండు అంగీకృతమైనది,” అని చదివేసి పేజీ తిప్పేశారు. అన్నిసార్లు చదివి చదివి ఆయనకి న వినబడే ఉంటుంది. కింద సంతకం పెట్టారు. ముద్ర వేశారు. సత్యానందం గారు పెట్టారు. నేను పెట్టాను. దేవసహాయం గారు ముఖం పక్కకి తిప్పుకుని పెట్టారు. మిగతా డిమాండ్లకి పిలిపించినవాళ్లూ పెట్టారు. ఇక మిగిలింది ఒక్క విమలకుమారి సంతకం.

ఆమెకి ముందుగా చెబుదామంటే ఎదురుగా అధికారులున్నారు. చెప్పాల్సిన పనేముంది, చదివితే తనకే తెలుస్తుంది కదా అనుకున్నాను. కాయితం ఆమె ముందుకి జరిపాను. ఆమె వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు పెదవులు కదుపుతూ చదువుతోంది. చిన్న తరగతులకి చెప్పేవాళ్లందరికీ అదే అలవాటు. వేలు చివరి వాక్యం మీదికి వచ్చింది. ఆగింది. చూసిందిలే, అనుకున్నాను.

“సార్,” అంది. “ఇక్కడ న పడలేదండి.”

అని నా ముందున్న ఎర్ర పెన్ను తీసుకుని, మూత తీసి, గుండ్రంగా, తలకట్టుతో సహా, పిల్లలు చూసి దిద్దుకోవడానికి వీలుగా న రాసేసింది.

ఆమె తను రాసిన మాటని మళ్లీ ఒకసారి చదువుకుంది. ఈసారి టీచర్‌లా కాకుండా మామూలు మనిషిలా చదివినట్టుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

విరూపాక్షరావు గారు కాయితం లాక్కుని చూశారు. ముఖం పాలిపోయింది, మళ్లీ రంగొచ్చింది. లేచి నిలబడ్డారు.

“జాతి నిర్మాత అనగా ఇట్లుండవలెను! స్వప్రయోజనమును సైతము లెక్కచేయక భాషా స్వచ్ఛతను కాపాడిన ఈ ఉపాధ్యాయురాలి నిబద్ధత యావత్ ఉపాధ్యాయ లోకమునకు ఆదర్శము!”

శాలువా తెప్పించి కప్పారు. ఫొటోలు తీశారు. ఫొటోలో ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. పత్రికలవాళ్లు ఆనందబాష్పాలని రాశారు.

తిరుగు బస్సులో ఆమె, దేవసహాయం గారు, నేను ఒకే వరసలో కూర్చున్నాం. చివరికి దేవసహాయం గారే అడిగారు.

“ఎందుకు తల్లీ అలా చేశావు? నేనే చెయ్యి కట్టేసుకుని కూర్చున్నానే.”

“మా బళ్లో సోములమ్మని ఉందండి, రెండో తరగతి. అచ్చం ఇలాగే న మింగేస్తాది. రోజూ దాని పలక మీద న రాసిపెట్టి రాసిపెట్టి...” ఆగింది. “సంతకం చేద్దామనే కూర్చున్నానండి. నోరూ చెయ్యీ వాటి మానాన అవి పోయాయి.”

తర్వాత కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుని, పెదవుల మీద ఎక్కాలు మొదలుపెట్టింది. నేను వద్దనుకుంటూనే లెక్కపెట్టాను. పంతొమ్మిదో ఎక్కం దాటింది. ఇరవై కూడా దాటింది. ఆపైన నాకే తడుముకోవాలి. దేవసహాయం గారు నేను తిరిగిచ్చిన ఎర్ర పెన్ను జేబులోంచి బయటికి తీసి, దానివంక చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నారు. ఆయన ఏడుస్తున్నారు.

ఒప్పందం అచ్చయి అన్ని బళ్లకీ వచ్చింది. ఒక్క అక్షరదోషం లేదు. ప్రభుత్వం ఎంత గర్వపడిందంటే, పిల్లలందరి చేతా దాన్ని చూచిరాత రాయించాలని ఉత్తర్వు కూడా వేసింది. ఆ వారంలోనే నేనూ దేవసహాయం గారూ తేనెలొద్ది వెళ్లాం. ఎందుకు వెళ్లామో మాకు సరిగ్గా తెలియదు. క్షమాపణ చెప్పడానికనుకుంటాను. ఆయన సంచి కొంచెం పెద్దదిగా ఉంది.

మేం వెళ్లేసరికి చూచిరాత జరుగుతోంది. పెద్దపిల్లలు పుస్తకాల్లో రాస్తున్నారు. చిన్నపిల్లలకి విమలకుమారి చివరి వాక్యం ఒక్కటే నల్లబల్ల మీద రాసిచ్చింది. అది తప్ప వేరే వాక్యం ఆమెకి తోచి ఉండదు. ఒక పిల్ల పలక పట్టుకుని వచ్చి నిలబడింది. సోములమ్మేనని చూడగానే తెలిసింది, ఎందుకంటే పలక మీద ‘సెలవు డిమాండు అంగీకృతమైనది’ అని ఉంది.

విమలకుమారి సుద్దముక్క తీసుకుంది. న రాయడానికి చెయ్యి లేచింది. గాలిలో ఆగింది. ఆ పిల్ల తలెత్తి చూస్తోంది. మా వెనకనుంచి దేవసహాయం గారు గొంతు సవరించుకోబోయి మానుకున్నారు.

ఆమె పలక మీద ఒప్పు పెట్టింది. పెద్ద ఒప్పు, పలక ఈ చివర నుంచి ఆ చివరికి.

“బాగా రాశావే,” అంది. తర్వాత పలక మావైపు తిప్పి, నవ్వబోయి, నవ్వు రాక, “చూశారాండీ, మంజూరైపోయింది,” అంది.

“అయితే ఇంకేం, బయల్దేరమ్మా,” అన్నారు దేవసహాయం గారు. “మా హైస్కూల్లో నేను లేకపోతే ఇంకో పంతులున్నాడు. నాకు సెలవులు బోలెడున్నాయి, ఎప్పుడూ వాడలేదు. నువ్వొచ్చేదాకా ఇక్కడుంటాను. బట్టలు కూడా తెచ్చుకున్నాను.”

“మరి మీరు బాగా చెబుతున్నారని రోజూ నేనొచ్చి రాసివ్వాలి కదండీ?”

“నేను బాగా చెప్పనులే. రాసివ్వక్కర్లేదు.”

ఈసారి ఆమెకి నవ్వొచ్చింది. మర్నాడు పలక సంచిలో పెట్టుకుని కొండ దిగింది. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు సెలవు మంజూరైందా అని అడిగితే పలక చూపించిందట. వాళ్లకి ఏం అర్థమైందో తెలియదుగానీ చేర్చుకున్నారు.

ఆపరేషన్ బాగానే అయింది. మూడోనాడు, ఆదివారం, మేం చూడ్డానికి వెళ్లేసరికి మంచం మీద కూర్చుని జావ తాగుతోంది. పక్కన గాజుసీసాలో రాళ్లు. పలక గోడకి ఆనించి ఉంది. ముందురోజు శాఖ నుంచి బడికి వచ్చిన మెమోని దేవసహాయం గారు వెంట తెచ్చారు. అనుమతి లేకుండా బడి విడిచిపోయినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో వారంలోగా తెలపమని. నాగభూషణం రాసిందే. ‘ఉపాద్యాయురాలైన శ్రీమతి విమళకుమారి, అనుమతి లేకుండ పాటశాలను విడిచి...’ అని మొదలై, చివరిదాకా అలాగే ఉంది.

ఆమె మొత్తం చదివింది. వేలు పెట్టకుండా, పెదవులు కదపకుండా చదివింది. దేవసహాయం గారు జేబు తడుముకుంటున్నారు.

“దిద్దమంటావా అమ్మా?”

“వద్దండి. వాళ్ల తప్పులు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి,” అని మెమో నాలుగు మడతలు పెట్టి, మందుసీసా పక్కనున్న బల్ల మీద కుదురుగా నిలబడటం లేదని దాని కింద పెట్టింది.

దేవసహాయం గారు ఎర్ర పెన్ను తీసి నాకిచ్చి, కొండ మీదికి పోయే బస్సు వేళయిందని లేచారు.